పాదాల చెంత ప్రత్యుత్తరం: ద్రువే ‘కనాను స్త్రీ’ చిత్రంలో యాచన, ఆత్మగౌరవం

1784లో పారిస్‌లోని రాయల్ అకాడమీ తన చిత్రకళా పోటీలో అభ్యర్థులకు ఒక బైబిలు ఘట్టాన్ని విషయంగా ఇచ్చింది. మత్తయి సువార్త 15వ అధ్యాయంలోని కనాను స్త్రీ కథ అది. ఆ పోటీలో గెలిచినవారు ప్రభుత్వ ఖర్చుతో రోముకు వెళ్ళి, అక్కడి ఫ్రెంచి అకాడమీలో ఉండి ప్రాచీన శిల్పాలనూ రఫాయేల్ వంటి పూర్వ చిత్రకారులనూ అధ్యయనం చేసే అవకాశం పొందేవారు. ఆ సంవత్సరం బహుమతి ఝా జెర్మెన్ ద్రువే అనే ఇరవయ్యేళ్ళ యువకుడికి వచ్చింది. అతడు గీసిన ‘యేసుక్రీస్తు పాదాల చెంత కనాను స్త్రీ’ ఇప్పుడు లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉంది. నేను దాన్ని ప్రతికృతులలో మాత్రమే చూశాను. కనుక రంగుల గురించి, కుంచె పనితనం గురించి తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. ఈ వ్యాసం కళావిమర్శ కాదు. ఆ చిత్రం ముందు నిలిచినప్పుడు కలిగే ఒక నైతిక ప్రశ్నను, తెలుగు సాహిత్య విద్యార్థికి అందుబాటులో ఉన్న సాధనాలతో పరిశీలించే ప్రయత్నం.

ప్రశ్న ఇది. తనకు అత్యవసరమైన దానిని పొందడానికి ఒక వ్యక్తి ఎదుటివారు తనపై వేసిన అవమానకరమైన పేరును అంగీకరించి మాట్లాడితే, ఆ అంగీకారాన్ని మనం ఏమనాలి? వినయమా, లొంగుబాటా, వాదచాతుర్యమా? ఆ అంగీకారం ఫలితాన్ని ఇచ్చిందన్న కారణం చేత అది సమర్థనీయమవుతుందా?

కథ తెలిసినదే అయినా దాని మెట్లను ఒకసారి చెప్పుకోవాలి. యేసు గలిలయను విడిచి తూరు, సీదోను ప్రాంతాలకు వెళతాడు. ఆ ప్రాంతపు స్త్రీ ఒకతె ఎదురై, దయ్యం పట్టి బాధపడుతున్న తన కూతురిని కరుణించమని కేకలు వేస్తుంది. ఆయన మొదట మాట కూడా పలకడు. శిష్యులు విసిగిపోయి, వెంటబడి అరుస్తున్నది గనుక పంపివేయమంటారు. తాను ఇశ్రాయేలు ఇంటి తప్పిపోయిన గొర్రెల కోసమే పంపబడ్డానని ఆయన అంటాడు. ఆమె దగ్గరకు వచ్చి మొక్కి, సహాయం చేయమంటుంది. పిల్లల రొట్టెను తీసి కుక్కపిల్లలకు వేయడం తగదని ఆయన సమాధానం. ఆమె ఆ మాటను కాదనదు. నిజమే, అయినా యజమానుల బల్ల మీది నుంచి పడే ముక్కలను కుక్కపిల్లలు తింటాయి కదా అంటుంది. అప్పుడు ఆయన ఆమె విశ్వాసం గొప్పదని చెప్పి కోరిక తీరుస్తాడు. ఆ గడియలోనే కూతురు స్వస్థత పొందుతుంది.

రెండు సహస్రాబ్దుల వ్యాఖ్యాన సంప్రదాయంలో ఎక్కువ భాగం ఈ కఠిన వాక్యాన్ని పరీక్షగా గ్రహించింది. ఆమె విశ్వాసాన్ని లోకానికి చూపడానికే ఆయన నిరాకరించినట్లు కనిపించాడన్నది ఆ వివరణ. విశ్వాసులకు ఆ వివరణ ఇచ్చే ఊరటను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ నైతిక ప్రశ్న దానితో తీరదు. పరీక్షించే వారికి ఇది పరీక్ష అని తెలుసు. పరీక్షకు గురయ్యే తల్లికి తెలియదు. ఆమె విన్నది తిరస్కారమే. ఆమె ప్రత్యుత్తరాన్ని ఆమె ఉన్న చోటు నుంచే అర్థం చేసుకోవలసి ఉంటుంది.

పోటీ, చిత్రం

ద్రువే చిత్రకారుల వంశంలో పుట్టినవాడు. తండ్రి ఫ్రాన్స్వా యుబేర్ ద్రువే రాజాస్థానంలో పేరుపొందిన రూపచిత్రకారుడు. కొడుకు మాత్రం నియోక్లాసికల్ శైలికి నాయకుడైన జాక్ లూయీ దావీద్ శిష్యరికంలో చేరాడు. 1783 పోటీలో తన చిత్రం తనకే నచ్చక దానిని కోసివేశాడనీ, ఆ ముక్కలను చూసిన గురువు చేజేతులా బహుమతిని పోగొట్టుకున్నావన్నాడనీ అతని జీవితం రాసినవారు చెప్పే కథ. మరుసటి ఏడు గెలిచి, గురువుతో కలిసి రోముకు వెళ్ళాడు. దావీద్ తన ప్రసిద్ధ చిత్రం ‘హొరేషియస్ సోదరుల ప్రతిజ్ఞ’ను ముగించింది ఆ రోము నివాసంలోనే. ద్రువే అక్కడే 1788లో, ఇరవై నాలుగేళ్ళకు మరణించాడు. నా సిద్ధాంత గ్రంథం ఇంకా మూడో అధ్యాయంలో ఉండగా ఈ వయసుల లెక్క చూసుకోవడం అంత సుఖంగా లేదు.

ఈ పోటీ నియమాలు మన ప్రశ్నకు సంబంధం లేనివి కావు. విషయాన్ని అకాడమీ నిర్ణయిస్తుంది. ఎంపికైన అభ్యర్థులను వేరువేరు గదులలో ఉంచుతారు. మొదట గీసి ఇచ్చిన నమూనా నుంచి తుది చిత్రం పెద్దగా తొలగరాదు. అంటే ఒక తల్లి ప్రాధేయపడిన ఘట్టం ఇక్కడ ప్రశ్నపత్రం అయింది. వేడుకోలును గీసి చూపించి, పెద్దల ఆమోదాన్ని వేడుకోవడం అభ్యర్థి పని. ఆ యువకుడు ఈ పోలికను గమనించాడో లేదో ఊహించడం అనవసరం. పరీక్షకు కూర్చున్నవాడికి అంత తీరిక ఉండదు.

నియోక్లాసికల్ శైలి ఉద్వేగాన్ని నిరాకరించదు, దానికి క్రమశిక్షణ నేర్పుతుంది. స్పష్టమైన రేఖ, ప్రాచీన విగ్రహాలను తలపించే దేహభంగిమ, రంగస్థలం మీద నిలిచినట్లు అమరిన పాత్రలు, పదిహేడో శతాబ్దపు పూసాఁ చిత్రాల నుంచి నేర్చుకున్న గంభీరమైన కూర్పు దాని లక్షణాలు. దావీద్ ‘ప్రతిజ్ఞ’ను చూసినవారికి ఇది సులభంగా తెలుస్తుంది. అందులో సోదరుల చేతులు ఒకే దిశలో కత్తుల వైపు సాచి ఉంటాయి. స్త్రీలు ఒక పక్కన కూలబడి దుఃఖిస్తుంటారు. పురుషులకు మాట, స్త్రీలకు కన్నీరు అన్న విభజన ఆ చిత్రపు నిర్మాణంలోనే ఉంది. ద్రువేకు ఇచ్చిన కథ ఆ విభజనకు ఒదగదు. ఇక్కడ చివరి వాదం స్త్రీది. ఆమె మాట తర్వాత ఎదుటివారి నిర్ణయం మారింది.

చిత్రం మాటను చూపలేదు. జర్మన్ విమర్శకుడు లెస్సింగ్ 1766లో వెలువరించిన ‘లావొకోన్’లో కవిత్వం కాలంలో సాగుతుందనీ, చిత్రం ఒక్క క్షణాన్నే పట్టుకోగలదనీ, అందువల్ల చిత్రకారుడు ముందువెనుకలను సూచించగల క్షణాన్ని ఎంచుకోవాలనీ అన్నాడు. కనాను స్త్రీ కథలో అటువంటి క్షణం ఏది? మౌనం, శిష్యుల విసుగు, తిరస్కారం, ప్రత్యుత్తరం, వరం అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ద్రువే చిత్రం పేరు ఒకే ఒక్క స్థితిని చెబుతుంది: పాదాల చెంత. నిలబడిన ఆయన, కింద ఆమె. ఆమె అప్పటికి ఆ మాట అన్నదా, అనబోతున్నదా అన్నది దేహభంగిమ ఒక్కటే తేల్చి చెప్పలేదు. కథ ఎరిగిన ప్రేక్షకుడు ఆ మాటను తన జ్ఞాపకంలో నుంచి తెచ్చి చిత్రానికి చేర్చుకోవాలి. తెలియనివాడికి కనిపించేది వేడుకుంటున్న ఒక స్త్రీ మాత్రమే. చిత్రం ఎంత ఉదాత్తంగా ఉంటే ఆమె వాదం అంతగా మరుగున పడుతుందని నాకు అనిపించడానికి కారణం ఇదే. ఉదాత్తత వాక్యానిది కాక భంగిమది అయిపోతుంది.

మార్కు సువార్త 7వ అధ్యాయంలోనూ ఇదే కథ ఉంది. రెండింటి తేడా ఇక్కడ కీలకం. మార్కు ఆమెను సురోఫెనికయ స్త్రీ అంటాడు, కథను ఒక ఇంటిలో జరిపిస్తాడు. పంపివేయమనే శిష్యులు అందులో లేరు. వరమిచ్చే వాక్యం కూడా వేరు. మత్తయిలో ఆమె విశ్వాసాన్ని బట్టి కోరిక తీరుతుంది. మార్కులో ఆమె పలికిన మాటను బట్టి. ఒకే సంఘటనలో ఒక సువార్తికుడు హృదయాన్ని చూశాడు, మరొకడు వాక్కును చూశాడు. అకాడమీ ‘కనాను స్త్రీ’ అన్న పేరుతో మత్తయి పాఠాన్నే ఇచ్చింది. విశ్వాసానికి మోకరిల్లే రూపం ఉంది గనుక అది చిత్రానికి అందుతుంది. వాక్కుకు అటువంటి రూపం లేదు.

వేయడం, పడటం

ఆ వాక్కును దగ్గరగా చూడాలి. ఇందులో తెలుగు మనకు అనుకోని సహాయం చేస్తుంది. గ్రీకు మూలంలో పిల్లలకు ఒక పదం, కుక్కలకు మరొక పదం. వాటికి ధ్వనిలో సంబంధం లేదు. కుక్కకు వాడిన పదం మాత్రం అల్పార్థకం, ఇంట్లో తిరిగే చిన్న కుక్కను సూచించేది. ప్రచారంలో ఉన్న తెలుగు బైబిలు ఆ అల్పార్థాన్ని నిలపడానికి ‘కుక్కపిల్ల’ అన్నది. దాంతో మూలంలో లేని ఒక సంబంధం పుట్టింది. రొట్టె పిల్లలది, అడిగేది కుక్కపిల్ల. విడదీయడానికి ఉద్దేశించిన వాక్యంలోనే రెండు పక్కలా ‘పిల్ల’ ఉంది. అనువాదకులు ఇది కావాలని చేసి ఉండరు. తెలుగులో ఆ అర్థానికి అంతకంటే సహజమైన మాట లేదు. అయినా తెలుగులో ఈ ఘట్టం చదివే పాఠకుడి చెవికి ఆ తల్లి వాదం సగం ముందే వినిపిస్తుంది. అడుగుతున్నది కూడా ఒక పిల్ల కోసమే కదా.

రెండో విషయం క్రియలది, ఇది మూలంలోనే ఉంది. తిరస్కార వాక్యంలోని క్రియ ‘వేయు’. పిల్లల చేతిలోది తీసి కుక్కలకు వేయడం. సకర్మక క్రియ. దానికి కర్త కావాలి, తీసుకోవడం కావాలి, ఒకరికి నష్టం జరగాలి. ఆమె ప్రత్యుత్తరంలోని క్రియ ‘పడు’. ముక్కలు పడతాయి. అకర్మక క్రియ. ఎవరూ ఎవరి దగ్గరి నుంచీ తీయనక్కరలేదు. పిల్లలు తింటూనే ఉంటారు, బల్ల కింద ముక్కలు పడుతూనే ఉంటాయి. ఉపమానాన్ని ఆమె మార్చలేదు, కుక్కపిల్ల అన్న పదాన్ని తిరస్కరించలేదు, క్రియను మార్చింది. ఆ మార్పుతో నిరాకరణకు ఆధారమైన లెక్క, అంటే ఒకరికి పెడితే మరొకరికి తక్కువవుతుందన్న లెక్క కూలిపోయింది. మత్తయి కథాక్రమం కూడా ఆమె పక్షానే ఉంది. అంతకు ముందు అధ్యాయంలో అయిదువేల మంది తిన్న తర్వాత పన్నెండు గంపల ముక్కలు మిగిలాయి. ఈ కథ తర్వాత నాలుగువేల మంది తిన్న ఘట్టంలో ఏడు గంపలు మిగులుతాయి. రెండు మిగులుల మధ్య నిలబడి ఆమె అడిగింది ఒక ముక్క. ఇంకొకటి కూడా గమనించాలి. ఈ ఘట్టానికి సరిగ్గా ముందు, నోటిలోకి పోయేది మనిషిని అపవిత్రం చేయదు, నోటి నుంచి వచ్చేదే చేస్తుందన్న బోధ ఉంది. ఆ వెంటనే నోటి నుంచి వెలువడిన ఈ కఠిన వాక్యాన్ని సువార్తికుడు ఎందుకు ఉంచాడన్నది వేదాంతులు తేల్చవలసిన విషయం. పక్కపక్కన ఉంచాడన్నది మాత్రం పాఠకుడు చూడకుండా ఉండలేడు.

ఆమె అంగీకారానికి సరైన పేరును న్యాయశాస్త్రంలో వెతకవచ్చు. గౌతముని న్యాయసూత్రాలు సిద్ధాంతాన్ని నాలుగు విధాలుగా చెప్పాయి. వాటిలో నాలుగోది అభ్యుపగమ సిద్ధాంతం. ఎదుటివారి ప్రతిపాదనను పరీక్షించకుండానే, వాదం కోసం ప్రస్తుతానికి ఒప్పుకొని, దాని మీద నుంచి విశేషాన్ని పరీక్షించడం దాని పద్ధతి. ‘అలాగే అనుకుందాం, అయినప్పటికీ’ అనడం. కనాను స్త్రీ ‘నిజమే’ అన్నది ఈ కోవకు చెందుతుందని నా అభిప్రాయం. తాను కుక్కనని ఆమె ఒప్పుకోలేదు. కుక్క అన్న పోలికను ఒప్పుకున్నా మీ ముగింపు నిలవదని చూపింది. అలంకారశాస్త్ర విద్యార్థికి వక్రోక్తి అలంకారం గుర్తుకు రావచ్చు. అందులో ఒకరు ఒక అర్థంలో అన్న మాటను వినేవారు శ్లేష వల్లనో కాకువు వల్లనో మరో అర్థంలో తీసుకుంటారు. ఈమె అర్థాన్ని మార్చలేదు, అర్థం నుంచి వచ్చే ఫలితాన్ని మార్చింది. కనుక వక్రోక్తి కంటే అభ్యుపగమమే ఇక్కడ సరిపోతుంది.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. వాదసభలో అభ్యుపగమం చేసేవాడు సమానుల మధ్య కూర్చున్నవాడు. వాదం ముగిశాక తాను ఒప్పుకున్నది వెనక్కి తీసుకోగలడు. పాదాల చెంత ఉన్న తల్లికి ఆ అవకాశం ఉందా? కూతురు బాగైంది. కుక్కపిల్ల అన్న మాట వెనక్కి పోలేదు. పేరును ఎవరూ మార్చలేదు. వాదంలో ఆమె గెలిచింది, బల్ల దగ్గర స్థానం మాత్రం గెలవలేదు. ముక్కలు బల్ల కిందనే పడ్డాయి.

ఎంగిలి

తెలుగు పాఠకుడికి ఈ ఆక్షేపణ పుస్తకాల నుంచి రానక్కరలేదు. మన సమాజంలో మరొకరి భోజనం నుంచి మిగిలినదానికి ‘ఎంగిలి’ అని పేరు. ఎంగిలి అంటే మిగులు మాత్రమే కాదు, అశుచి. దాన్ని ఎవరు ఎవరికి పెట్టవచ్చు, ఎవరు ఎవరి ఎంగిలి తినవలసి ఉంటుంది అన్నది కులం నిర్ణయించిన విషయం. పాలేరుతనం చేసిన కుటుంబాలలో పెద్దల ఇళ్ళ మిగులు కూలిలో ఒక భాగంగా వచ్చిన జ్ఞాపకాలు ఇప్పటికీ ఉన్నాయి. అటువంటి జ్ఞాపకం ఉన్నవారికి బల్ల కింది ముక్కలు ఉపమానంగా వినిపించవు. ఆమె తెలివిని మెచ్చుకోమని వారిని అడిగేముందు, ఆ తెలివి ఆమెకు ఎందుకు అవసరమైందో చెప్పవలసిన బాధ్యత వ్యాఖ్యాతకు ఉంది.

అయితే ఈ పోలికను తొందరపడి పూర్తి చేయకూడదు. జర్మన్ పండితుడు గెర్డ్ టైసెన్ ఈ కథకు ఉన్న ఆర్థిక నేపథ్యాన్ని చూపించాడు. తూరు సంపన్నమైన వర్తక నగరం. దానికి ధాన్యం వచ్చేది గలిలయ పల్లెల వంటి లోపలి ప్రాంతాల నుంచి. పండించినవారి పిల్లలకు రొట్టె చాలకపోయినా డబ్బున్న నగరం కొనుక్కోగలిగేది. మార్కు ఆమెను గ్రీకు స్త్రీ అనడంలో ఆమె పై తరగతికి చెందినదన్న సూచన ఉండవచ్చు. ఈ దృష్టితో చూస్తే పిల్లల రొట్టె అన్న మాటలో ఆకలిగొన్న పల్లెల చేదు వినిపిస్తుంది. ఎవరు బల్ల దగ్గర ఉన్నారు, ఎవరు కింద ఉన్నారు అన్నది అంత సులభం కాదు. మత్తయి ఆమెను ‘కనాను’ స్త్రీ అనడం మరో మెలిక. ఆ నాటికి అది పాతబడిన పేరు, పురాతన శత్రుజాతిది. వర్తమాన పొరుగువారిని ప్రాచీన వైరం పేరుతో పిలవడం మనకూ కొత్త కాదు. కనుక ఆమెను నేరుగా మన సమాజంలోని అణచివేతకు ప్రతీకగా నిలబెట్టడం చరిత్రకు న్యాయం కాదు. కానీ అవమానానికి ఎదురుగా వాదించే పద్ధతి ఒకటుంటుంది. ఆ పద్ధతి ఒక చోట పుట్టి మరో చోట అర్థమవుతుంది.

గుర్రం జాషువ ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. అందులో అరుంధతీ సుతుడు తన బాధను కాశీ విశ్వనాథుడికి చేర్చమని తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలాన్ని అడుగుతాడు. ఆలయంలోకి అతనికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. శివుని చెవి దగ్గరే తలకిందులుగా వేలాడగలదు. పూజారి లేని సమయం చూసుకొని చెప్పమన్న హెచ్చరిక కూడా అతడు చేస్తాడు. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, హిందూ పురాణ ప్రపంచాన్ని అంతగా వశం చేసుకున్న కవి ఈ పూజారి వివరాన్ని ఊరికే చేర్చలేదు. పంపివేయమన్న శిష్యులకూ ఆ పూజారికీ కావ్యధర్మంలో ఒకే స్థానం. జాషువ ఆ సువార్త ఘట్టాన్ని మనసులో ఉంచుకొన్నాడని నేను అనడం లేదు; దానికి ఆధారం చూపలేను. నాకు ముఖ్యమైనది తేడా. కనాను స్త్రీ ఎదుట నిలిచి అడిగింది, తిరస్కారాన్ని ముఖాముఖి విన్నది. జాషువ నాయకుడికి ఆ తిరస్కారం వినే హక్కు కూడా లేదు. దాని ఫలితంగా అతని మాటలో అభ్యుపగమం అవసరం కాలేదు. ఎదుటివారి పేరును ఒప్పుకొని వాదించవలసిన పని లేనందువల్ల అతడు దేవుణ్ణీ ధర్మాన్నీ నేరుగా ప్రశ్నించగలిగాడు. దూరం అతనికి అన్యాయం చేసింది, మాటకు మాత్రం స్వేచ్ఛ ఇచ్చింది. పాదాల చెంతకు చేరిన ఆమెకు సాన్నిధ్యం దొరికింది; మాటను మాత్రం ఎదుటివారి ఉపమానంలోనే నడపవలసి వచ్చింది. ఏది మేలు అన్నది కడుపున పుట్టిన పిల్ల ఇంట్లో విలవిలలాడుతున్నప్పుడు అడిగే ప్రశ్న కాదేమో.

యాచన గురించి మన కావ్యాలు చాలా ఆలోచించాయి. పోతన బలి చక్రవర్తి దానమిచ్చే ముందు తలపోసేది చేతుల స్థానం గురించే. లక్ష్మి దేహాన్ని స్పృశించిన ఆ చేయి కింద, తన చేయి పైన. ఇంతకంటే కావలసిందేముందని అతని ధీమా. ‘పైచేయి’ అన్న మన పలుకుబడికి అంత నిండైన దృశ్యరూపం మరొకటి నాకు తెలియదు. అక్కడ దేవుడు యాచకుడై చిన్నవాడయ్యాడు, ఇచ్చేవాడు సర్వం పోగొట్టుకొని పెద్దవాడయ్యాడు. కుచేలుడి కథలో అడగడానికే బయలుదేరినవాడు అడగకుండానే తిరిగి వచ్చాడు, ఇల్లు చేరేసరికి సంపద ఉంది. చెలిమి ఉన్నచోట నోరు తెరవనక్కరలేదన్నది ఆ కథలోని ఆశ. దానికి పక్కనే అడగనిదే అమ్మయినా పెట్టదన్న సామెతను కూడా మన భాష దాచుకుంది. కుచేలుడి ఆశకూ ఆ సామెత అనుభవానికీ మధ్య ఎక్కడో కనాను స్త్రీ ఉంది. ఆమె అడిగింది, కాదన్నా అడిగింది, చివరకు తన కోసం కాదు గనుక అడగగలిగింది.

ఈ చివరి అంశాన్ని తేలికగా తీసుకోరాదు. ఆత్మగౌరవం గురించిన చర్చలు సాధారణంగా ఒక వ్యక్తి తన కోసం తాను నిలబడటాన్ని ఊహిస్తాయి. అలా చూస్తే ఎవరి పాదాల చెంతనైనా వాలడం లోటే. కానీ బిడ్డ కోసం అడిగేవారు తమ గౌరవాన్ని ఖర్చు పెడుతున్నారు. ఖర్చు చేయడం పోగొట్టుకోవడంతో సమానం కాదు. ఖర్చు పెట్టడానికి అది ముందు వారి దగ్గర ఉండాలి. ఆమె ప్రత్యుత్తరంలోని నిబ్బరమే అది ఆమె దగ్గర ఉందనడానికి సాక్ష్యం. అయినా ఇలా చెప్పడంలో ఒక ప్రమాదం ఉందని ఒప్పుకోవాలి. ఖర్చు పెట్టించేవారి లెక్క అడగడం మరిచిపోతాం. తల్లుల త్యాగాన్ని మెచ్చుకొనే సమాజాలు ఆ త్యాగాన్ని తప్పనిసరి చేసిన ఏర్పాట్లను అంతగా విమర్శించవు.

ఆమె మాట తర్వాత ఏమైందో చూస్తే ఈ ప్రమాదం స్పష్టమవుతుంది. పదహారో శతాబ్దంలో రూపొందిన ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథంలో, ప్రభురాత్రి భోజనానికి ముందు ఆరాధకులు ప్రభువు బల్ల కింది ముక్కలు ఏరుకోవడానికి కూడా తాము తగమని చెప్పుకొనే ప్రార్థన ఉంది. తెలుగు క్రైస్తవుల వాడుకలో ‘బల్ల’ అన్న మాటకే ఆ భోజనం అన్న అర్థం ఉంది కనుక ఆ ప్రతిధ్వని మనకు త్వరగా తెలుస్తుంది. ఆ ప్రార్థన అందమైనది. రాజూ కూలీ ఒకే వాక్యంతో ఆమె స్థానంలోకి దిగుతారు. కానీ ఆమె ఆ స్థానంలోకి దిగలేదు, తోయబడింది. ఇష్టపడి కిందికి దిగేవారి వినయానికీ, కిందికి నెట్టబడి అక్కడి నుంచి వాదించేవారి నేర్పుకూ భాష ఒకటే కావచ్చు, నైతిక విలువ ఒకటి కాదు. పైగా ప్రార్థన ఆమె వాదాన్ని తలకిందులు చేసింది. తనకు ముక్కలు చెందుతాయని ఆమె అన్నది. తాము వాటికీ తగమని ఆరాధకులు అంటారు.

మన అర్జీల భాషను ఇక్కడ తలచుకోకుండా ఉండలేను. రావలసిన ఫెలోషిప్ నెలల తరబడి ఆగినప్పుడు ఒక కార్యాలయానికి నేను రాసిన కాగితంలో ‘తమరు దయతో మంజూరు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను’ అన్న వాక్యం ఉంది. నియమం ప్రకారం నాకు చెందిన దానిని దయగా అడిగాను. కింద ‘విధేయత’ కూడా ప్రకటించుకున్నాను. అది ఎవరూ బలవంతం చేసి రాయించినది కాదు. అర్జీ అంటే అలాగే ఉంటుందని చిన్నప్పుడు పాఠశాలలో నేర్చుకున్న రూపమే. పని జరిగింది. ఆ వాక్యం అభ్యుపగమమని నాకు నేను చెప్పుకోవచ్చు. కానీ కార్యాలయంలో చదివిన వ్యక్తి దాన్ని అలా చదివి ఉండడు. అభ్యుపగమానికి ఉన్న చిక్కు ఇదే. అది చేసేవారి మనసులో తాత్కాలికంగా ఉంటుంది, వినేవారి అలవాటులో శాశ్వతమవుతుంది.

అందువల్ల కనాను స్త్రీ అంగీకారం సమర్థనీయమా అన్న ప్రశ్నకు నా సమాధానం రెండు భాగాలుగా ఉంటుంది. ఆ రెండు భాగాలు ఒకదానితో ఒకటి పూర్తిగా పొసగవు. ఆమె చేసినది సమర్థనీయమే. అంతకు మించి, తనను కుక్క అన్న తర్కంలోనే ఆ తర్కం నిలవదని చూపిన మేధాశక్తి అది. కానీ దానిని ఆదర్శంగా నిలబెట్టే హక్కు ఎదుటివారికి, ప్రేక్షకులకు, పోటీ పెట్టిన అకాడమీకి లేదు. ఆమె వైపు నుంచి నేర్పు అయినది చూసేవారి వైపు నుంచి బోధగా మారితే అవమానానికి అలంకారం అవుతుంది. ద్రువే చిత్రం ఈ సరిహద్దు మీద ఉంది. ఆ యువకుడు గీసిన భంగిమలో ఆమెను కించపరిచే ఉద్దేశం నాకు కనిపించదు. గురువు నేర్పిన గాంభీర్యాన్ని ఆమెకూ ఇచ్చాడు. అయితే చిత్రకారుడు ఎంత గౌరవించినా ఎత్తులు మారలేదు. ఆయన నిలబడి ఉన్నాడు, ఆమె కింద ఉంది, మాట వినబడదు.

మార్కు తన కథను వీధిలోనూ ఆ ఇంటిలోనూ ముగించలేదు. ఆమె తిరిగి తన ఇంటికి వెళ్ళింది. దయ్యం వదిలిన కూతురు మంచం మీద పడుకొని ఉంది. అక్కడ శిష్యులు లేరు, మొక్కవలసిన పాదాలూ లేవు. తల్లి ఆ పిల్లకు తినడానికి ఏమి పెట్టిందో సువార్త చెప్పదు.